మంచుకడలిపై హక్కు

ఒక సముద్రము ఒక దేశమునకు సొంతమగుట యెట్లు? జెండా చేతనా, నౌకాబలము చేతనా, అచ్చట బ్రతుకు జనము చేతనా? కెనడా దేశపు ఉత్తరధ్రువ జలమార్గమును గూర్చి చదివినపుడెల్ల మాకీ సందేహము కలుగుచుండును.

1985లో పోలార్ సీ అను అమెరికా నౌక అనుమతి కోరకయే ఆ మంచుదారిని పోగా, కెనడా తన దీవుల చుట్టును రేఖలు గీచి, లోపలి నీరంతయు తన అంతర్జలమని చాటెను. అది అంతర్జాతీయ మార్గమని అమెరికా వాదము. శాసనముల మాట అటుండనిండు. కెనడా చూపు గట్టి ఆధారము వేఱొకటి: ఇన్యూట్ జనులు అనాదిగా ఆ మంచుపై వసించుచున్నారని. న్యాయమే. కాని 1953లో ఆ ప్రభుత్వమే కొన్ని ఇన్యూట్ కుటుంబములను క్యూబెక్ ఉత్తరభాగమునుండి సుమారు రెండువేల కిలోమీటర్లు ఆవలికి, రెజొల్యూట్, గ్రీస్ ఫియర్డ్ అను తావులకు తరలించెను. శీతకాలమున నెలల తరబడి సూర్యుడు కానరాని చోట్లవి. ఇష్టము లేకున్న రెండేండ్లకు తిరిగి రావచ్చునన్న మాట నిలువలేదు. మంచి వేట దొరకునని పంపితిమని అధికారులనిరి. జెండాకు బదులు మమ్ము పాతిరని వారనిరి.

మన పెద్దలును ఊళ్లు విడిచి వచ్చినవారే. అయినను వచ్చితిమని చెప్పుకొందుము గాని, పాతబడితిమని చెప్పుకొనము. మనుష్యుని గుఱుతుకొయ్యగా వాడి సంపాదించిన హక్కు ఎంత గట్టిదైనను మా మనసొప్పదు.

2010లో ప్రభుత్వము క్షమాపణ చెప్పెను. ఆ యేడే రెండూళ్లలోను శిల్పములు నిలిపిరి. గ్రీస్ ఫియర్డులో బిడ్డతో నిలిచిన స్త్రీ రెజొల్యూట్ వైపు చూచుచున్నది. రెజొల్యూట్‌లో ఒంటరి పురుషుడు గ్రీస్ ఫియర్డు వైపు చూచుచున్నాడు.