గేర్‌బాక్స్ చెడింది సరే... మాట చెడిపోవాలా?

మొన్న లైవ్‌లో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, లోన్ మీద ఆటోమేటిక్ కారు కొన్నాను. ఏడాది తిరక్కముందే ట్రాఫిక్‌లో కుదుపులు, వేడెక్కిందని వార్నింగ్. నాలుగుసార్లు సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ‘ఈ కార్లు ఇంతే సార్’ అంటున్నారు. అమ్మేద్దామనుకుంటున్నా. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ ఇస్తే కొనేవాడికి తెలీదు. నన్నూ మోసం చేశారు కదా, తప్పేంటి?"

లైవ్‌లో టైం చాల్లేదు. ఇక్కడ వివరంగా మాట్లాడుకుందాం.

ముందు కారు సంగతి. కొన్ని ఆటోమేటిక్ కార్లలో డ్రై డ్యుయల్ క్లచ్ ఉంటుంది. 1, 3, 5 గేర్లకి ఒక క్లచ్, 2, 4, 6కి ఇంకోటి. సాయంత్రం ఆరింటికి కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి పాకుతూ వెళ్తుంటే క్లచ్ పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు. రాసుకుంటూనే ఉంటుంది. చల్లబరచడానికి దానికి ఆయిల్ ఉండదు. అందుకే ఆ వేడి, ఆ కుదుపు. అంటే తమ్ముడిది ఉట్టి అనుమానం కాదు.

మరి "నా కర్మ" అని ఊరుకోవాలా? అక్కర్లేదు. ద్రోణపర్వం చూడండి. సూర్యాస్తమయంలోపు సైంధవుణ్ణి చంపాలని అర్జునుడి ప్రతిజ్ఞ. అంత డెడ్‌లైన్ ఉన్న రోజున గుర్రాలు గాయపడి అలిసిపోయాయి. యుద్ధం మధ్యలో కృష్ణుడు రథం ఆపాడు. అర్జునుడు కిందకి దిగి శత్రువుల్ని అడ్డుకున్నాడు, బాణాలతోనే నీళ్లు రప్పించాడు. స్వామి గుర్రాలను విప్పి, దిగిన బాణాలు తీసి, నీళ్లు పెట్టి, ఒళ్లు రుద్ది మళ్లీ కట్టాడు. వాహనానికి బాగోకపోతే పట్టించుకోవడం కూడా ధర్మమే. సర్దుకుపోవడం వైరాగ్యం కాదు.

కాబట్టి పోరాడు తమ్ముడూ. జాబ్ కార్డులో సమస్య నీ మాటల్లోనే రాయించు. టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ట్రాఫిక్‌లోనే చూపించు. ప్రతి కాగితం దాచుకో, ప్రతి మాట మెయిల్‌లో పెట్టు. అయినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుకి కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి. ఈలోపు కారు రోడ్డు మధ్యలో ఆగిపోతుంటే మాత్రం ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని తిరగొద్దు.

పోరాడేటప్పుడు ఒక నియమం. గీత 17వ అధ్యాయం వాక్కుతో చేసే తపస్సు గురించి చెప్తుంది: మాట ఎదుటివాణ్ణి కలవరపెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా, హితంగా ఉండాలి. కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు గేర్‌బాక్స్ డిజైన్ చేయలేదు. అతని మీద అరిస్తే క్లచ్ బాగుపడదు. గట్టిగా అడగడం వేరు, తిట్టడం వేరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. అదే ద్రోణపర్వంలో ఇంకో రథం ఉంది, ధర్మరాజుది. ఆయన సత్యనిష్ఠ వల్ల అది నేలకి నాలుగంగుళాల పైన నిలిచేదట. అశ్వత్థామ విషయంలో ఆయన ఒక మాట గట్టిగా, ఒక మాట మెల్లిగా అన్నాడు. అంతే, రథం నేలని తాకింది. ఖాళీ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ కూడా అలాంటిదే. కారు బాగా నడుస్తోంది అన్నది గట్టిగా చెప్పిన సగం. ట్రాఫిక్‌లో కుదుపుతుంది అన్నది మింగేసిన సగం.

నిన్ను మోసం చేసినవాడు వేరు, రేపు కొనేవాడు వేరు. అతనూ నీలాగే లోన్ పెట్టుకుని వస్తాడు. ఆ కారులో అమ్మానాన్నల్ని ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కుతాడేమో! నీకు జరిగిన అన్యాయాన్ని తీసుకెళ్లి అతని చేతిలో పెడితే అది తీరినట్టా?

అమ్మాలంటే అమ్ము. జాబ్ కార్డులన్నీ ముందు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్ము. ధర తగ్గుతుంది, ఆ నష్టం నిజమైనదే. దేవుడు ఇంకో రూపంలో తిరిగి ఇచ్చేస్తాడని నేను చెప్పను, ఫలం మన చేతిలో లేదు. కానీ కొన్నవాడు రేపు ఫోన్ చేస్తే భయం లేకుండా ఎత్తగలవు.

ఈ వారం అందరం ఒక చిన్న సంకల్పం చేద్దాం. అమ్మేటప్పుడైనా, అడిగేటప్పుడైనా రెండో సగం కూడా గట్టిగానే చెబుదాం.

శుభం భూయాత్.