నలుగురిలో దిద్దితే తప్పా?



వేసవి సెలవుల్లో మన విచారణల్లో సత్యోపదేశ తరగతులతోపాటు పాటల సాధన కూడా సాగుతుంది. వినుకొండ ఎండలో, గుడి వరండాలో కీబోర్డు చుట్టూ పిల్లలు మూగి ఉన్నారనుకోండి. ఒక అబ్బాయి స్వరం తప్పాడు. నేర్పేవారు అందరి ముందూ ఆపి, "తప్పు, మళ్ళీ వాయించు" అన్నారు. కుర్రవాడు తల దించుకుని ఇంటికి పోయాడు. మరునాడు రాలేదు. మీరే ఆ తల్లిదండ్రులైతే ఎవరిని తప్పుపడతారు?

పియానో విద్యలో 'మాస్టర్ క్లాస్' అనే పద్ధతి ఉంది. ఒక విద్యార్థి వాయిస్తుంటే మిగిలినవారు కూర్చుని వింటారు. గురువు అందరి ఎదుటే దిద్దుతాడు. హంగేరీలో పుట్టిన ఫ్రాంజ్ లిస్ట్ దీనికి పేరుపొందాడు. 1865లో గురుత్వపు చిన్న పట్టాలు పొందిన కతోలికుడాయన. 1869 నుండి 1886లో మరణించే వరకు ఏటా కొంతకాలం జర్మనీలోని వైమార్‌లో యువకులకు ఇలాగే నేర్పాడు. రుసుము పుచ్చుకోలేదు. నేటి వేసవి పియానో ఉత్సవాల్లోనూ ఈ పద్ధతి నడుస్తోంది.

మరి సోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమని కదా ప్రభువు బోధ (మత్తయి 18:15)? నిజమే. అయితే ఆయన చెప్పింది పాపం గురించి. పాపం బయటపడితే మనిషి పరువు పోతుంది. స్వరం తప్పడం పాపం కాదు. ఒకరి వేలిని దిద్దితే పదిమంది వేళ్ళు నేర్చుకుంటాయి.

కాని దిద్దడం వేరు, అవమానించడం వేరు. 1895లో ఈ వినుకొండలోనే పుట్టిన గుర్రం జాషువా ఇక్కడి ఒక సభలో పద్యాలు చదివితే, తక్కువ కులం వాణ్ణి లోపలికెలా రానిచ్చారని నిందించారు. ఆ నింద పద్యంలోని తప్పుకు కాదు, కవి పుట్టుకకు. ఆ గాయం ఎంత లోతో 'గబ్బిలం' చదివినవారికి తెలుసు.

కనుక నలుగురిలో నోరు విప్పేముందు మనల్ని మనం ప్రశ్నించుకుందాం. నేను చూపుతున్నది తప్పునా, మనిషినా? తప్పు చూపి ఊరుకుంటున్నానా, సరిగా వచ్చేవరకు పక్కన కూర్చుంటున్నానా? నా తప్పును ఆ పిల్లవాడే చూపితే ఒప్పుకుంటానా? "నీకు సంగీతం రాదు" అనే మాట దిద్దుబాటు కాదు, తీర్పు. "పక్కింటి పిల్లను చూసి నేర్చుకో" అని ఇంట్లో మనం అనే మాటా అటువంటిదే. అలాగని తప్పును చూసీ చూడనట్లు పొగడడం ప్రేమ కాదు. అది బిడ్డకు దేవుడిచ్చిన వరాన్ని మట్టిలో పాతిపెట్టడమే.

మీ గాయక బృందంలో నిన్న తల దించుకుని వెళ్ళిన బిడ్డ ఉంటే, ఈ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళండి. ఆ తప్పిన స్వరాన్ని పక్కన కూర్చుని మళ్ళీ వాయించండి. ఆదివారం దివ్యబలిపూజలో ఆ బిడ్డ చోటు ఖాళీగా ఉండకూడదు.