ఐదో తరగతి బిడ్డ నుండి ఏమి ఆశించాలి?



జూన్ నెల వచ్చింది. బడులు తెరిచారు. కొత్త పుస్తకాలకు అట్టలు వేయడం, పాత సంచికి కుట్లు వేయించడం, ఫీజు కోసం చేబదులు తేవడం, ఇవన్నీ మన విచారణలో దాదాపు ప్రతి ఇంట్లోనూ జరుగుతున్న పనులే. ఈ హడావుడిలో పడి ఒక ప్రశ్న వేసుకోవడానికి మనకు తీరిక దొరకదు. ఈ ఏడాది నా బిడ్డ నుండి నేను ఏమి ఆశించవచ్చు? ఏమి ఆశించకూడదు? ఏ తరగతి పిల్లల విషయంలోనైనా అడగదగిన ప్రశ్నే ఇది. కాని ఐదో తరగతిలో అడుగుపెట్టిన బిడ్డ విషయంలో మాత్రం అడిగి తీరవలసిన ప్రశ్న. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల క్రిందట, దసరా సెలవులకు ముందు, ఒక తల్లి తన కొడుకును రెక్క పట్టుకొని మా బంగళా వరండాలోకి తీసుకొచ్చింది. వెనుకనే తండ్రి. ఇది పాపసంకీర్తనంలో విన్న విషయం కాదు. పట్టపగలు నలుగురి ముందు జరిగినది. ఆ తల్లిదండ్రుల అనుమతితోనే, పేర్లు లేకుండా రాస్తున్నాను.

కుర్రవాడు చదివేది ఐదో తరగతి. లెక్కల్లో 50కి 17 మార్కులు వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు మీద ఆ ఒకటిని నాలుగుగా దిద్ది 47 చేశాడు. తండ్రి అది చూసి మురిసిపోయి సంతకం పెట్టాడు. వీధిలో అందరికీ చెప్పుకున్నాడు, అరకిలో మైసూరు పాకు తెచ్చి పంచాడు. పది రోజుల తర్వాత బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. అక్కడ అసలు సంగతి బయటపడింది.

ఆ తండ్రి తాపీమేస్త్రి. ఆయన చదువు కూడా ఐదో తరగతితోనే ఆగిపోయింది. ఊళ్లో బడి అంతవరకే ఉండేది. హైస్కూలు ఆరు కిలోమీటర్ల దూరం. ఇంట్లో కూలి డబ్బు అవసరం. "మా ఇంట్లో ఇటువంటి బుద్ధులు ఎవరికీ లేవండి ఫాదర్‌గారూ. వీడికి అబద్ధం ఎవరు నేర్పారో అర్థం కావడం లేదు" అన్నాడు. ఆయన గొంతులో కోపం కన్నా అవమానమే ఎక్కువగా వినిపించింది.

నేను కుర్రవాణ్ణే అడిగాను. చాలాసేపు నేలచూపులు చూశాడు. చివరకు అన్నాడు: "నలభై ఏడు వస్తే నాన్న నవ్వుతాడని."

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పెద్ద సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు అబద్ధాన్ని గురించి మేము గంటల తరబడి వాదించుకునేవాళ్లం. పునీత అక్వినాసు తోమాసుగారు అబద్ధాలను మూడు రకాలుగా విడదీశారు: హాస్యానికి ఆడేది, ఒకరికి మేలు చేయడానికి ఆడేది, కీడు చేయడానికి ఆడేది. మూడూ తప్పే, కాని మూడింటి బరువూ ఒకటి కాదు అన్నారు. ఆ లెక్కన ఈ కుర్రవాడు చేసింది తప్పే. ఆ మాట నేను వాడితో ఆ రోజే సూటిగా చెప్పాను. పదేళ్ల వాడికి తప్పేదో ఒప్పేదో తెలుసు. తెలియదని మనం అనుకుంటే వాణ్ణి చిన్నచూపు చూసినట్లే.

కాని నా ప్రశ్న అక్కడితో ఆగలేదు. ఆ ఇంట్లో 17కు ఏమి దొరుకుతుందో, 47కు ఏమి దొరుకుతుందో వాడికి ముందే తెలుసు. అంకె దిద్దింది వాడే, నిజమే. మరి ఆ అంకెలకు ధర కట్టింది ఎవరు?

ఐదో తరగతి ఏడాదిలో ఏమి జరుగుతుందో ఒకసారి చూడండి. అంతకు ముందు వరకు లెక్కలు చాలావరకు కళ్లకు కనిపించేవి. మూడు మామిడికాయలు, ఐదు గోళీలు అంటే బిడ్డ చూపించగలడు. ఇప్పుడు భిన్నాలు, కారణాంకాలు, గుణిజాలు, క.సా.గు., వైశాల్యం వచ్చి పడతాయి. మూడింట రెండు వంతులు అన్నదాన్ని మనసులో ఊహించుకోవాలి. అందుచేత నాలుగో తరగతి వరకు చురుకుగా ఉన్న పిల్లలకు కూడా ఇక్కడ మార్కులు తగ్గవచ్చు. అది సోమరితనం కాకపోవచ్చు, మెట్టు ఎత్తుగా ఉందని మాత్రమే కావచ్చు. చదవడం సంగతి కూడా చూడండి. ప్రథమ్ సంస్థ 2005 నుండి నిర్వహిస్తున్న అసర్ సర్వే 2024లో గమనించినదేమంటే, మన దేశ గ్రామాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవగలిగినవారు సగం కంటే తక్కువ. కాబట్టి ముందుగా మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని ఒక పేజీ చదివించి వినండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. తడబడుతున్నాడో లేదో చెవికి తెలుస్తుంది.

చదువొక్కటే కాదు, బిడ్డ కూడా మారుతుంది. ఇంతకాలం మీరు చెప్పిందే వేదం. ఇప్పుడు స్నేహితుడి మాటకు విలువ పెరుగుతుంది. "ఎందుకు?" అని ఎదురు అడుగుతుంది. తనను పక్కింటి బిడ్డతో తానే పోల్చుకుంటుంది. ఆ పని మనం చేయనక్కరలేదు. కొన్ని విషయాలు మనకు చెప్పకుండా లోపల దాచుకోవడం మొదలుపెడుతుంది. ఆడపిల్లల్లో కొందరికి ఈ వయసులోనే శరీరంలో మార్పులు వస్తాయి. ఐదో తరగతిలోనే పెద్దమనిషి అయ్యే పిల్లలూ ఉన్నారు. తల్లులారా, ఆ సంగతి మీ బిడ్డ ముందుగా మీ నోటి నుండే వినాలి. భయపడి ఏడ్చే రోజు వచ్చేదాకా ఆగవద్దు.

అంటే ఈ ఏడాదిలో బిడ్డకు తనదైన ఒక లోపలి గది ఏర్పడుతుంది. దాని తలుపు లోపలి నుండే తీయాలి. మనం బయటి నుండి బద్దలు కొట్టగలం. కాని అప్పుడు లోపల మనకు దొరికేది భయం ఒక్కటే.

ఇక్కడే మన ఆశలను పరీక్షించుకోవాలి. ఆశించడం రెండు విధాలు. ఒకటి అప్పు ఇచ్చినవాడు ఆశించడం. "నీ కోసం ఇంత ఖర్చు పెట్టాను, ఎండలో ఇంత కష్టపడ్డాను, నాకు నువ్వు ఇది తెచ్చి ఇవ్వాలి" అనడం. రెండవది, పొలిమేర దాకా వెళ్లి వచ్చే మనిషి కోసం ఎదురుచూడడం. మొదటి దానిలో బిడ్డ మన బాకీదారు. రెండవ దానిలో బిడ్డ మనకు ఎదురు వస్తున్న ఒక మనిషి. 18వ శతాబ్దపు జర్మన్ తత్త్వవేత్త కాంట్, మనిషిని ఎప్పుడూ కేవలం ఒక సాధనంగా వాడుకోకూడదని బోధించాడు. మనం ఆ మాట యజమానులకూ రాజకీయ నాయకులకూ వర్తిస్తుందని అనుకుంటాం. తన ఆగిపోయిన చదువును కొడుకు చేత పూర్తి చేయించుకోవాలని చూసే తండ్రికి కూడా అది వర్తిస్తుంది. ఆ తండ్రి కోరికలో ప్రేమ లేదని నేను అనను. ప్రేమ ఉంది. కాని ఆ ప్రేమ కొడుకును చూడడం మాని, కొడుకులో తనను చూసుకుంటున్నది.

దీనికి మన ఊళ్లల్లో ప్రతి ఏటా కనిపించే ఉదాహరణ నవోదయ పరీక్ష. 1986 జాతీయ విద్యా విధానం ఆ పాఠశాలలకు గట్టి పునాది వేసింది. మంచి పాఠశాలలు, పేదపిల్లలకు ఎంతో మేలు చేశాయి. అందులో సందేహం లేదు. ఆరో తరగతిలో చేరడానికి ఐదో తరగతి పిల్లలు రాసే పరీక్ష అది. రెండు గంటల్లో 80 ప్రశ్నలు. ఒక పాఠశాలలో ఉండే సీట్లు మహా అయితే 80. ఒకసారి రాసిన బిడ్డకు రెండోసారి రాసే అవకాశం లేదు. జిల్లాలో పరీక్ష రాసే పిల్లలందరినీ తలుచుకోండి. వారిలో చాలామందికి సీటు రాదన్నది పరీక్షకు ముందే తెలిసిన విషయం. మరి సీటు రాని ఆ పిల్లలు ఫలితాలు వచ్చిన సాయంత్రం ఏ ముఖంతో ఇంటికి రావాలి? దానికి జవాబు ఫలితాలు వచ్చాక కాదు, దరఖాస్తు పెట్టిన రోజే మన నోటితో చెప్పాలి: "రాయి. కష్టపడి రాయి. వచ్చినా రాకపోయినా రాత్రి భోజనానికి నీ కంచం నా పక్కనే ఉంటుంది."

మీలో కొందరు అడుగుతారని నాకు తెలుసు: "ఫాదర్‌గారూ, ఇలా మెత్తగా ఉంటే పిల్లలు చదువుతారా? మా నాన్న నన్ను కొట్టే కదా ఇంతవాణ్ణి చేశాడు?" న్యాయమైన ప్రశ్నే. ఏమీ ఆశించవద్దని నేను చెప్పడం లేదు. ఏమీ ఆశించకపోవడం కూడా ఒక విధమైన నిర్లక్ష్యమే. "వీడి వల్ల ఏమవుతుందిలే" అనే తండ్రి కొట్టే తండ్రి కన్నా మంచివాడేమీ కాదు. నేను చెప్పేది మార్కుల కంటే పెద్దదాన్ని, కష్టమైనదాన్ని ఆశించమని.

మొదటిది, నిజం చెప్పడం ఆశించండి. కాని నిజం చెప్పిన రోజున దానికి శిక్ష వేయకండి. తప్పుకు తగిన మందలింపు ఉండవచ్చు, నిజానికి మాత్రం ఉండకూడదు. రెండవది, ప్రయత్నం ఆశించండి. రోజూ ఒక వేళకు కూర్చోవడం, రానిది రాలేదని అడగడం. అలవాటు బిడ్డ చేతిలో ఉన్నది. మార్కు మొత్తంగా వాడి చేతిలో లేదు. మూడవది, ఇంటి పనిలో ఒక చిన్న బాధ్యత ఆశించండి. నీళ్లు పట్టడమో, చెల్లెలిని బడికి తీసుకెళ్లడమో, ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సమానంగా. ఈ మూడూ ఆశించే హక్కు మనకుంది. ఎందుకంటే ఈ మూడూ మనకు కాక ఆ బిడ్డకే మేలు చేస్తాయి.

2009 విద్యాహక్కు చట్టానికి 2019లో ఒక సవరణ చేశారు. ఐదో తరగతి, ఎనిమిదో తరగతి చివర పరీక్ష పెట్టే వీలు దాని ద్వారా కల్పించారు. అయితే తప్పిన బిడ్డకు అదనంగా పాఠాలు చెప్పి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలని అదే సవరణ చెబుతున్నది. చట్టానికి మనసు ఉండదంటారు. ఆ చట్టమే రెండు నెలలు గడువు ఇస్తే, కన్నవాళ్లం మనం ఒక్క రాత్రి కూడా ఇవ్వలేమా?

పన్నెండేళ్ల బాలయేసు దేవాలయంలో ఉండిపోయినప్పుడు మరియతల్లి, జోజప్పగారు మూడు రోజులు వెదికారు. దొరికాక ఆయన చెప్పిన జవాబు వారికి అర్థం కాలేదని సువార్తలో ఉంది. అర్థం కానిదాన్ని ఆ తల్లి కొట్టిపారేయలేదు, మనసులో భద్రపరచుకుంది. అర్థం కాని బిడ్డను కూడా మోయవచ్చునని ఆమె మనకు చూపింది.

ఆ మేస్త్రి సంగతి చెప్పి ముగిస్తాను. "నాకు చదువు రాదు కదండీ, నేనేం నేర్పను?" అన్నాడాయన. ఒక గదికి ఎన్ని టైల్సు పడతాయో ఎలా లెక్కిస్తావు అని అడిగాను. పొడవు, వెడల్పు టేపుతో కొలిచి హెచ్చవేస్తానన్నాడు. వాడు తప్పింది ఆ లెక్కేనయ్యా అని ప్రశ్నపత్రం చూపించాను. ఆయన కాగితం వైపు చాలాసేపు చూశాడు. ఆ దసరా సెలవుల్లో కొడుకును పని దగ్గరకు తీసుకెళ్లి టేపు రెండో కొస వాడి చేతికిచ్చాడు.

తర్వాతి పరీక్షలో వాడికి వచ్చినవి 23. ఎవరూ దిద్దలేదు. వాడే తెచ్చి చూపించాడు. ఆ తండ్రి నవ్వాడో లేదో నేను అడగలేదు. సంతకం మాత్రం పెట్టాడట. పెట్టి, "ఏ లెక్క తప్పింది, చూపించు" అన్నాడట.

ప్రియ తల్లిదండ్రులారా, ఈ ఏడాది మీ చేతికి కూడా అటువంటి కాగితం ఒకటి వస్తుంది. అంకె చూడకముందే ఒకసారి తల ఎత్తి మీ బిడ్డ ముఖం చూడండి. ఆ తర్వాత సంతకం పెట్టండి.