నీనెవె నగరముపై యోనా కోపము

భగవంతుడు దుష్టులను శిక్షించునని విశ్వసించుట సులభము. ఆ శిక్ష ఇతరులపై పడనున్నప్పుడు మన హృదయము ఏమి కోరుచున్నదో పరిశీలించుకొనుట అంత సులభము కాదు. యూదుల పవిత్ర గ్రంథమున ఈ పరీక్షకు లోనైన ఇరువురు మహాపురుషులు మనకు కనబడుదురు.

మొదటివాడు అబ్రాహాము. సొదొమ, గొమొఱ్ఱా పట్టణముల పాపము పండినదని భగవంతుడు అతనికి ఎఱిగించెను. అబ్రాహాము గుడారములలో వసించు పశుపాలకుడు. ఆ పట్టణవాసి కాడు. అతని సోదరుని కుమారుడు లోతు అచట నున్నమాట నిజమే; కాని అతడు లోతు పేరైనను ఎత్తలేదు. 50 మంది నీతిమంతులున్నచో వారి నిమిత్తము ఊరంతటిని క్షమింపరాదా యని అడిగెను. భగవంతుడు సమ్మతించెను. పిదప 45, 40, 30, 20, తుదకు 10! తాను ధూళివంటివాడనని చెప్పుకొనుచునే, లోకమునకు తీర్పరియైనవాడు న్యాయము తప్పరాదని వాదించెను. ఆ పదిమందియు దొరకలేదు, నగరము దగ్ధమయ్యెను. అయినను ఆ ప్రార్థనను భగవంతుడు ఒక్కమాఱైనను తప్పుపట్టలేదు.

రెండవవాడు యోనా ప్రవక్త. అష్షూరు సామ్రాజ్యములోని నీనెవెకు పోయి తీర్పు ప్రకటింపుమని ఆజ్ఞ కాగా, అతడు యొప్పే రేవున ఓడనెక్కి తర్షీషునకు పారిపోయెను. తుపాను, మహామత్స్యము, దాని గర్భమున గడచిన మూడు దినములు బాలురకును తెలిసినవే. ఆ చేపనుగూర్చిన వాదములలో కథాసారము మరుగున పడినదని నా అభిప్రాయము. అతడేల పారిపోయెను? ప్రాణభీతిచేత కాదు. భగవంతుడు దయామయుడనియు, ఆ జనులు పశ్చాత్తాపపడినచో తప్పక క్షమించుననియు తనకు ముందే తెలియుననియు, అందువలననే పారిపోతిననియు అతడే తరువాత చెప్పుకొనెను. అతనికి విశ్వాసము కొఱవడలేదు. భగవత్స్వభావమును సరిగానే గ్రహించెను. అది అతనికి రుచింపలేదు, అంతే.

అతనిని తేలికగా నిందింపరాదు. టైగ్రిస్ నదీతీరమున, నేటి మోసుల్ నగరమున శిథిలములై యున్న ఆ నీనెవె క్రూరసైన్యములకు నిలయము. క్రీ. పూ. 722 ప్రాంతమున ఇశ్రాయేలు రాజ్యమును కూల్చినది ఆ సామ్రాజ్యమే. యూదులకు ఆ పేరు వినుటయే పుండుపై కారము చల్లినట్లుండెడిది.

40 దినములలో నగరము నాశమగునని యోనా ప్రకటింపగా, రాజు సింహాసనము దిగి, గోనెపట్ట కట్టుకొని బూడిదలో కూర్చుండెను. పశువులకు సైతము గోనె కప్పిరి. తీర్పు తొలగెను. ప్రవక్త నగరమునకు తూర్పున పందిరి వేసికొని, ఏమి జరుగునో చూతమని కోపముతో కూర్చుండెను. అతనికి నీడనిచ్చుటకు ఒక చెట్టు మొలచెను. మఱునాడు పురుగు తొలుచుటచే అది వాడిపోయెను. ఎండకు సొమ్మసిల్లి, చావే మేలని అతడు పలికెను.

మనకు కర్మసిద్ధాంతము కలదు. తన బ్రదుకునకు అన్వయించుకొన్నవానికి అది ధైర్యము నొసగును. కాని పొరుగువాని వ్యాధిని, దారిద్ర్యమును చూచి ‘వాని కర్మ’ యని తలుపు మూసికొన్ననాడు మనమును ఆ తూర్పు పందిరిలో కూర్చున్నవారమే. అశోకవనమున తన్ను బాధించిన రాక్షసస్త్రీలను వధింతునని హనుమంతుడు అనుమతి కోరగా, వారు రాజాజ్ఞకు లోబడిన దాసీలని సీత వారి పక్షమున వాదించిన ఘట్టము మన రామాయణములోనిదే కదా!

యోనాను భగవంతుడు కోపింపలేదు, ప్రశ్నించెను. తాను నాటనిది, పెంచనిది యగు చెట్టుకై అతడు వగచుచుండగా, కుడియెడమల భేదమెఱుగని 120,000 మందికి మించిన జనులును, అనేక పశువులును గల నగరమునకై తాను కనికరపడరాదా యని అడిగెను. ఆ ప్రశ్నతోనే గ్రంథము ముగియును. ప్రవక్త ఏమని బదులిచ్చెనో అందు లేదు. యూదులు ఏటేట ప్రాయశ్చిత్త దినమున ఉపవసించి, తమ పాపములకై క్షమ వేడుచు, అపరాహ్ణమున ఈ చిన్న గ్రంథమునే ఆద్యంతము పఠింతురు.