హాలె నగరములో తెలుగు అక్షరములు

ధ్యాన భాగము: యెషయా 40:27–31

బబులోను చెరలోనున్న ప్రజలకు ఒక దుఃఖము మిక్కుటముగా నుండెను. దేవుడు తమ త్రోవను చూచుట లేదనియు, తమ న్యాయమును ఆయన మరచెననియు వారు తలంచిరి. చెరనుండి తిరిగివచ్చిన పిమ్మట నెహెమ్యాకు మరియొక దుఃఖము కలిగెను. కొందరి పిల్లలు అష్డోదు భాష మాటలాడుచు, యూదుల భాష ఎరుగకుండిరి (నెహెమ్యా 13:24). పితరుల భాష పోయిన యింట పితరుల గ్రంథము మూయబడును. అతని దుఃఖమునకు కారణమిదియే.

ఈ దుఃఖము నెరిగిన తెలుగు గృహములు నేడును కలవు. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడిన పిమ్మట పని వెదకికొనుచు ఎందరో తెలుగువారు జంషెడ్‌పూరు చేరిరి. ఖర్‌కాయి నదికి ఆవలనున్న ఆదిత్యపూర్ కర్మాగారములలో వారి కుమారులు, మనుమలు పనిచేయుచున్నారు. ఇంట తెలుగు మాట వినబడును గాని, బడిలో హిందీయు ఇంగ్లీషును తప్ప తెలుగు అక్షరము కనబడదు.

అట్టి యొక గృహమును ఊహించుడి. ప్రతి సాయంకాలమున నాయనమ్మ తెలుగు బైబిలు తెరచి చదువును. కన్నులు మసకబారిన దినమున ఆమె గ్రంథమును మనుమని చేతికిచ్చి, "బాబూ, ఈ పూట నీవు చదువు, నేను వింటాను" అనెను. అతడు తలవంచుకొనెను. ఇంజనీరింగు పరీక్షలో మొదటి తరగతిలో నెగ్గినవాడు తన తల్లిభాషలో ఒక్క వచనమును చదువజాలకపోయెను. ఆమె ఏమియు అనక, గ్రంథమును తిరిగి తీసికొని ఒడిలో పెట్టుకొనెను.

ఆ యువకుడు పై చదువునకై జర్మనీ దేశములోని లైప్‌జిగ్ నగరమునకు వెళ్లెననుకొనుడి. ఒక శనివారమున తోడి విద్యార్థులతో కలిసి, రైలులో కొద్దిసేపటి ప్రయాణము చేసి, సాలె నదీతీరముననున్న హాలె నగరమును చూడబోయెను. సంగీతకారుడు హాండెల్ 1685లో పుట్టిన ఊరు అది. సంత వీధిలోని దేవాలయమున మార్టిన్ లూథరు మరణ సమయమున తీసిన ముఖాకృతి భద్రపరచబడియున్నది. వాటిని చూచిన పిమ్మట వారు ఫ్రాంకె స్థాపించిన అనాథశాల ముంగిటికి వచ్చిరి.

ఆగస్టు హెర్మన్ ఫ్రాంకె హాలె ప్రక్కనున్న గ్లౌఖా అను పేట సంఘకాపరి. 1695లో అతని యింటనున్న కానుకల పెట్టెలో ఎవరో నాలుగు థాలర్లు, పదునారు గ్రోషెన్లు వేసిరి. ఆ స్వల్ప ధనముతో అతడు బీద పిల్లలకు బడి నారంభించెను. పుస్తకములు కొని ఇరువది యేడింటిని పంచిపెట్టగా, తిరిగి వచ్చినవి నాలుగు మాత్రమే. అయినను అతడు బడి మూయలేదు. 1727లో అతడు మరణించునాటికి అచ్చటి బడులలో రెండు వేలకు పైగా పిల్లలు చదువుకొనుచుండిరి. ఆ భవనపు నొసట సూర్యునివైపు ఎగురు రెండు పక్షిరాజుల ప్రతిమలును, యెషయా గ్రంథమునందలి ఈ ధ్యాన వచనమును నేటికిని కానవచ్చును.

ఆ స్థలమునుండియే మన దేశమునకు దైవసేవకులు బయలుదేరిరి. హాలెలో చదివిన జీగెన్‌బాల్గ్ 1706లో తరంగంబాడిలో దిగెను. అతని వెనుక 1719లో బెంజమిన్ షుల్జ్ వచ్చెను. షుల్జ్ 1726లో చెన్నపట్టణము చేరి, తెలుగు నేర్చుకొని, క్రొత్త నిబంధనను, పిమ్మట పాత నిబంధనను తెలుగులోనికి అనువదించెను. 1743లో స్వదేశమునకు మరలిన తరువాత, 1746లో హాలె ముద్రాలయమున తెలుగు అక్షరములతో చిన్న ప్రశ్నోత్తర గ్రంథమును అచ్చువేయించెను. తెలుగున మొట్టమొదట అచ్చయిన పుస్తకములు హాలెలోనివే. అయితే అతని బైబిలు అనువాదము ఎన్నడును అచ్చు కాలేదు. 1760లో హాలెయందే అతడు కన్నుమూసెను.

ఒక పుట ఛాయాచిత్రమును చూపి, "ఇది మీ భారతదేశపు భాష. ఏమి వ్రాసియున్నది?" అని సహవిద్యార్థిని యొకతె ఆ యువకుని అడిగెను. అక్షరముల గుండ్రదనము అతనికి తెలియును. అది నాయనమ్మ ఒడిలోని గ్రంథపు గుండ్రదనమే. కాని చదువుట తెలియలేదు. సాలె తీరపు మనుష్యుడు సముద్రము దాటి వచ్చి నేర్చుకొనిన అక్షరములను, వాటితో ప్రార్థించు యింట పుట్టినవాడు ఎరుగకుండెను. ఆదిత్యపూర్‌లో తలవంచుకొనిన దినమే అతనికి జ్ఞాపకమునకు వచ్చెను.

యెషయా చెప్పిన క్రమమును గమనించుడి. యెహోవాకొరకు ఎదురుచూచువారు రెక్కలతో పైకెగురుదురు, పరుగెత్తుదురు, నడుతురు. ఎగురుట మొదట, నడుచుట చివర. దినదినము అలయక నడుచుటకే గొప్ప బలము కావలెను. ఇరువది మూడు పుస్తకములు పోయినను బడి నడుపుట అట్టి నడక. అచ్చు కాని గ్రంథముపై ఏండ్లకొలది కష్టపడుట అట్టి నడక. షుల్జ్ తన బైబిలు తెలుగువారి చేతిలో నుండుట చూడలేదు. విశాఖపట్టణమున డేగ్రాంజెస్, ఆనందరాయరు గార్లు అనువదించిన సువార్తలు సేరంపూరులో అచ్చయినది 1812లో. ఒకని చేతిపని నిలిచిపోయినను ప్రభువు పని నిలిచిపోలేదు.

ఎదురుచూచుట చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. దూరప్రాంతములలోని తెలుగు తల్లిదండ్రులు, పిల్లలు భాష మరచిరని నిట్టూర్చుటతో తృప్తిపడరాదు. లోయి విశ్వాసము యునీకేలోను, పిమ్మట తిమోతిలోను నివసించెను (2 తిమోతి 1:5). అట్టి విశ్వాసము ఒడిలో కూర్చుండబెట్టుకొని నేర్పినదే. రాత్రి భోజనమునకు ముందు పావుగంట, ఒక పలక, నాలుగు అక్షరములు చాలును. నాలుగు థాలర్లతో ఆరంభించిన దేవుడు నాలుగు అక్షరములను తృణీకరించునా?

ఆ రాత్రి లైప్‌జిగ్ చేరిన యువకుడు ఇంటికి ఫోను చేసెను. "నాయనమ్మా, నాకు అ ఆలు నేర్పుతావా?" అని అడిగెను. ఆవల కొంతసేపు మౌనము. పిమ్మట మసకకన్నుల వృద్ధురాలు, చూచుట అక్కరలేని పాఠమును, మొదటి అక్షరమునుండి పలుకనారంభించెను. తన త్రోవ దేవునికి మరుగై యుండలేదని ఆమె ఆ రాత్రి ఎరిగెను.