పిచ్చుక పిల్లకు గింజ చాలునా?



నంద్యాల ప్రాంతమున వరికోతలైన పిమ్మట మంచి కంకులను ఏరి, కుచ్చుగా అల్లి, వసారా దూలమునకు వ్రేలాడగట్టుట మీరు చూచియుందురు. పిచ్చుకలు వచ్చి తలక్రిందులుగా వ్రేలాడుచు గింజలు ఒలుచుకొనును. కట్టిన ఇంటివారికి అదియొక తృప్తి. మా వసారాలోను అట్టి కుచ్చు ఉండెను. ఆ తృప్తి నాకును ఉండెను.

ఒక ఉదయమున అది కొంత సడలెను. దూలపు సందులో పిల్లలు కిచకిచలాడుచుండగా, తల్లి పిచ్చుక మా కుచ్చును దాటి పెరటిలోని చిక్కుడు పాదుకు పోయి, పచ్చని పురుగు నొకదానిని ముక్కున కరచుకొని వచ్చెను. మరల పోయెను; మరల పురుగే తెచ్చెను. గింజలో జానెడు దూరములోనే యున్నవి!

పెద్ద పిచ్చుక గింజలు తిని బ్రదుకును. కాని రెండు వారములలో రెక్కలు వచ్చి ఎగురవలసిన పిల్లకు మెత్తని పురుగు కావలెను. మన పల్లెలలోని అవ్వలకు ఈ సంగతి ఎవరును నేర్పలేదు. కోడి పిల్లలను లేపినప్పుడు వారు నూకలతో సరిపెట్టక, చెదలు తెచ్చి వాటి ముందు చల్లుదురు. అమెరికాలో నీలిపిట్టలను ప్రేమించువారు పెరటిలో కొయ్యపెట్టెలు అమర్చి, చిన్న పళ్లెములలో బ్రతికియున్న పిండిపురుగులను పెట్టుదురు. వాటిలో కాల్షియం తక్కువ గనుక, పిల్లల ఎముకలు బలహీనపడకుండ పైన కాల్షియం పొడి చల్లువారును గలరు. ప్రేమించుటకు ఇంత వివరము కావలెనా అని నాకును తోచినది. కావలెను.

పిచ్చుకను మరువని సృష్టికర్తను గూర్చి మనము తరచు వినుచుందుము. ఆయన దానికి పెట్టిన భోజనములో పురుగు కూడ గలదని మాత్రము నేను ఏ ప్రసంగములోను వినలేదు.

పురుగుది ప్రాణము కాదా అని మీరడుగుదురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయలేను. ఒక ప్రాణిని నిలుపుటకు మరియొక ప్రాణిని మన చేతులతో అందించుట దయయేనా? గింజ పెట్టినప్పుడు మన చేయి శుభ్రముగా నుండును. పురుగు పెట్టినప్పుడు ఉండదు. అయితే ఆ శుభ్రతతో గూటిలోని పిల్ల ఆకలి తీరదు. మన మనస్సుకు హాయిగా నున్నదే పెట్టి, ఎదుటిదానికి కావలసినది పెట్టకపోయినచో, మనము పోషించినది ఎవరిని?

నిజముగా మన చేయి శుభ్రమైనదా? కె.సి. కాలువ క్రింది వరిమళ్లలోను, నల్లరేగడి ప్రత్తిచేలలోను మందు కొట్టి పురుగును చంపుచునే యున్నాము. రైతును నిందింపను, అప్పు తీర్చవలసినవాడు అతడు. కాని చేను మీది పురుగు పోయినప్పుడు గూటిలోని పిల్ల కబళము కూడ పోవుచున్నది. నందికొట్కూరు ప్రాంతమున రోళ్లపాడులో బట్టమేక పిట్ట కొరకు 1988లో అభయారణ్యము ఏర్పడెను. అంతటి పెద్ద పక్షియు గడ్డిలోని మిడతలను ఏరుకొని తినునదే. కంచె ఎంత గట్టిదైనను, లోపల మిడత లేనిచో అది ఏమి తినును?

ఈ యేడు మా చిక్కుడు పాదుకు మందు కొట్టలేదు. కాయలలో సగము పుచ్చులే. మా ఇంటివారు కూరకు తరుగుచు గొణుగుచున్నారు. దూలము మీద కిచకిచలు మాత్రము తగ్గలేదు.