తిరిగి వెళ్ళే కథల బాధ్యత

ఊహాకల్పన సాహిత్యం అన్న పేరు కింద అనేక రకాల రచనలు చేరతాయి. విజ్ఞానశాస్త్రాన్ని ఆధారం చేసుకుని రేపటి సమాజాన్ని ఊహించే కథలు, మంత్రతంత్రాలు సహజంగా నడిచే లోకాలను సృష్టించే కథలు, భయానక కథలు, చరిత్ర మరో దారి పట్టి ఉంటే ఏమయ్యేదని అడిగే కథలు అన్నీ ఆ శాఖకు చెందినవే. 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 'అమేజింగ్ స్టోరీస్' పత్రికను ప్రారంభించిన నాటినుంచి అమెరికాలో ఈ శాఖ చిన్నకథకు పత్రికే ప్రధానమైన ఆశ్రయంగా నిలిచింది. కాగితం, అచ్చుయంత్రం, తపాలా ఖర్చు అనే మూడు భారాలను మోయగలిగినంత కాలమే అక్కడి పత్రిక బతికేది. ఆన్‌లైన్ ప్రచురణ ఆ మూడు భారాలనూ దాదాపుగా తొలగించింది కనుక, ఇప్పుడు ఎవరైనా తమ కథను తామే లోకం ముందు పెట్టగలిగినప్పుడు, నలుగురైదుగురు కూర్చుని నడిపే ఒక చిన్న పత్రిక చేసే పని ఏమిటన్నది ఆలోచించవలసిన ప్రశ్న. ఆ పత్రిక చేసే అసలైన పని ప్రచురించడం కాదని, అపరిచితులు పంపిన రచనలను శ్రద్ధగా చదవడమని, ప్రచురణ ఆ పఠనానికి బయటికి కనిపించే ఫలితం మాత్రమేనని ఇక్కడి వాదం.

ఆన్‌లైన్ పత్రికల తొలి దశలో రెండు దారులు పక్కపక్కనే నడిచాయి. 2000లో ఒక టెలివిజన్ ఛానెల్ అండతో, ఎలెన్ డాట్లో సంపాదకత్వంలో 'సైఫిక్షన్' మొదలైంది. అది సాటి పత్రికలు ఇవ్వలేనంత పారితోషికం ఇచ్చింది. అందులో వచ్చిన లిండా నగాటా నవలిక 'గాడెసెస్'కు ఈ శాఖ రచనలకు ఇచ్చే నెబ్యులా పురస్కారం లభించింది; ఆన్‌లైన్‌లో మొదట వెలువడిన రచనకు ఆ గౌరవం దక్కడం అదే తొలిసారి. అయినా 2005 చివర ఛానెల్ నిధులు ఆపివేయడంతో పత్రిక ముగిసింది, కొన్నేళ్ళకు పాత కథలు కూడా ఆ సైటులో కనిపించకుండా పోయాయి. అదే 2000లో శ్రీలంకలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రచయిత్రి మేరీ ఆన్ మోహన్‌రాజ్ 'స్ట్రేంజ్ హొరైజన్స్' అనే వారపత్రికను స్థాపించారు. దానికి యజమాని అనదగిన సంస్థ ఏదీ లేదు. పాఠకుల విరాళాలతో, జీతం తీసుకోని సంపాదకులతో, రచయితలకు మాత్రం తప్పక డబ్బు చెల్లిస్తూ అది నడిచింది. మొదటి సంచిక నాటి రచనలు కూడా అందులో ఈనాటికీ ఉచితంగా చదువుకోవడానికి దొరుకుతాయి. డబ్బున్న పత్రిక పోయి డబ్బులేని పత్రిక నిలిచిందని దీన్నిబట్టి సూత్రీకరించడం తొందరపాటే అవుతుంది, ఎందుకంటే విరాళాలతో మొదలై రెండు మూడేళ్ళకే ఆగిపోయిన పత్రికలకూ కొదవ లేదు. అయినా పాత సంచికలను నిలిపి ఉంచడం తమ ధర్మమని భావించే సంపాదకుల చేతిలో ఉన్న పత్రికకీ, లెక్కల పుస్తకంలో ఒక పద్దుగా ఉన్నదానికీ మధ్య తేడాను ఈ రెండింటి చరిత్ర స్పష్టంగా చూపుతుంది.

పత్రికకు వచ్చే రచనల రాశిని చూస్తే పఠనం ఎంత పెద్ద పనో అర్థమవుతుంది. నీల్ క్లార్క్ 2006 అక్టోబరులో న్యూజెర్సీ నుంచి ప్రారంభించిన 'క్లార్క్స్‌వరల్డ్' మాసపత్రికకు నెలకు వెయ్యికి అటూ ఇటూగా కథలు వస్తాయి, వాటిలో అచ్చయ్యేవి పది లోపే. అంటే పాఠకుడికి కనిపించే సంచిక వెనుక, ఎవరికీ కనిపించకుండా చదివి తిప్పి పంపిన కథల సముద్రం ఒకటి ఉంటుంది. ఈ రంగంలోని చాలా పత్రికలు ఒకే కథను ఏకకాలంలో రెండు చోట్లకు పంపడాన్ని అంగీకరించవు. ఆ నియమం సంపాదకుడికి సౌకర్యమే గాని రచయితకు మాత్రం భారం, ఎందుకంటే ఒకచోట పరిశీలనలో ఉన్నంతకాలం ఆ కథ మరెక్కడికీ కదలలేదు. కాబట్టి కథను తన దగ్గర ఉంచుకున్న ప్రతి రోజూ పత్రిక ఆ రచయితకు రుణపడినట్లే. రెండు మూడు రోజుల్లో 'వద్దు' అని చెప్పగలగడం కూడా ఒక మర్యాదే. తిరస్కారాన్ని సాధారణంగా పత్రిక అధికారానికి గుర్తుగా చూస్తారు. కాని మొదటి పేరా నుంచి చదివి, ఎక్కడ ఆగాలో నిర్ణయించి, కథను సకాలంలో విడిచిపెట్టడం రచయిత కాలాన్ని గౌరవించడమేనని గ్రహించినప్పుడు ఆ చూపు మారుతుంది. నిజమైన అధికారం మౌనంలో ఉంటుంది: ఏ జవాబూ ఇవ్వకుండా నెలల తరబడి కూర్చున్న పత్రికే రచయితను చిన్నబుచ్చుతుంది.

ఇంత పఠనం సంపాదకుడి మనసును కూడా మారుస్తుంది. 'స్ట్రేంజ్ హొరైజన్స్' తన దగ్గరికి మరీ తరచుగా వచ్చే కథావస్తువుల జాబితాను తయారుచేసి రచయితల కోసం బహిరంగంగా ఉంచింది. జరిగినదంతా కృత్రిమ వాస్తవంలో జరిగిందని చివర్లో తేలే కథ వంటివి అందులో ఉంటాయి. ఆ జాబితాను రచయితలకు హెచ్చరికగా చదవడం మామూలు, అయితే అది సంపాదకులకూ ఒక హెచ్చరికే. వందసార్లు చదివిన ఇతివృత్తం నూటొకటోసారి ఎదురైనప్పుడు, ఆ రాసిన వ్యక్తి దాన్ని జీవితంలో మొదటిసారి కనిపెట్టి ఉండవచ్చునన్న సంగతిని అలసిన కళ్ళు మరచిపోతాయి. ఊహాకల్పన సాహిత్యం కొత్తదనం మీద బతికే శాఖ కనుక ఈ ప్రమాదం దానికి మరింత ఎక్కువ. ప్రతి కథా తన లోకపు నియమాలను తానే నిర్మించుకుంటుంది, ఆ నియమాలు పాఠకుడికి అందడానికి కొన్ని పేజీలు పడతాయి. ఆ కొన్ని పేజీల ఓర్పు లేనివారు ఈ పనికి తగరు.

ఈ ఓర్పు మీదనే 2023లో పెద్ద దెబ్బ పడింది. అడిగిన వెంటనే వాక్యాలు అల్లి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు 2022 చివర అందరికీ అందుబాటులోకి వచ్చాక, కథలు పంపి సులువుగా డబ్బు సంపాదించవచ్చునని చెప్పే ప్రచారాలను నమ్మినవారు యంత్రం రాసిన కథలను పత్రికల మీదికి వదిలారు. ఫిబ్రవరి నెలలో మూడు వారాలైనా గడవకముందే అలాంటివి అయిదు వందల వరకు రావడంతో 'క్లార్క్స్‌వరల్డ్' ఫిబ్రవరి 20న రచనల స్వీకరణను ఆపివేసి, మరుసటి నెలలో కొత్త ఏర్పాట్లతో తిరిగి తెరిచింది. ఆ సమయంలో సూచనలుగా వచ్చిన మార్గాల్లో రెండు: కథ పంపేందుకు రుసుము పెట్టడం, తెలిసిన రచయితల నుంచే కథలు తీసుకోవడం. రెండూ కొత్తవారిని, పేద దేశాలవారిని గుమ్మం బయటే నిలబెడతాయి గనుక క్లార్క్ వాటిని అంగీకరించలేదు. ఆ నిర్ణయం పత్రికా ధర్మపు మూలాన్ని తాకింది. అపరిచితుడికి తలుపు తీసి ఉంచడమే పత్రిక అయితే, దొంగల భయంతో తలుపు మూసిన పత్రిక పేరుకు మాత్రమే మిగులుతుంది.

తెలుగు వారపత్రికల పాత అలవాటు ఒకటి ఇక్కడ గుర్తుకు తెచ్చుకోదగినది. కథతో పాటు అది తన సొంత రచనేనని, దేనికీ అనువాదం గాని అనుకరణ గాని కాదని, మరెక్కడా పరిశీలనలో లేదని రచయిత సంతకం చేసి హామీపత్రం జతపరిచేవారు. తిప్పి పంపేందుకు స్టాంపులు అంటించిన కవరు కూడా పెట్టేవారు. హామీపత్రం రచయిత ఇచ్చిన మాట, కవరు పత్రిక జవాబు మీద రచయిత పెట్టుకున్న నమ్మకం. యంత్రం రాసిన కథ పంపినవారు ఆ మాట తప్పినవారు. వారు కాజేసినది డబ్బును కాదు, డబ్బు చేతికి రాకముందే చదివేవారి శ్రద్ధను వారు దొంగిలించారు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. అమెరికా వైజ్ఞానిక కల్పన, ఫాంటసీ రచయితల సంఘం 2019 నుంచి వృత్తిస్థాయి పారితోషికంగా మాటకు 8 సెంట్లను నిర్ణయించింది. ఆ లెక్కన నాలుగు వేల మాటల కథకు 320 డాలర్లు. కథలను ఉచితంగా చదవనిచ్చే పత్రిక ఆ సొమ్మును చందాదారుల నుంచి, విరాళాల నుంచి సమకూర్చుకోవాలి. 2023 సెప్టెంబరులో అమెజాన్ తన కిండిల్ మీద పత్రికల చందాలను రద్దు చేసినప్పుడు ఆ దారిని నమ్ముకున్న చిన్న పత్రికలు ఒక్కసారిగా ఆదాయాన్ని కోల్పోయాయి. రచయితకు చెల్లించి సంపాదకుడికి చెల్లించని పద్ధతి ఉదాత్తంగా కనిపించినా అది ఎల్లకాలం నిలిచేది కాదు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు చదివే మనిషి పదేళ్ళకు అలసిపోతాడు, అతని స్థానంలోకి తీరిక, ఆదాయం ఉన్నవారే రాగలరు. అప్పుడు పత్రిక అభిరుచి కూడా ఆ కొందరిదే అవుతుంది.

ఇంగ్లీషు వెలుపల ఇలాంటి పత్రికలకు బంగ్లాలో బలమైన పరంపర ఉంది. అద్రీశ్ బర్ధన్ 1963లో కలకత్తా నుంచి వైజ్ఞానిక కల్పనకే ప్రత్యేకమైన 'ఆశ్చర్య' పత్రికను ప్రారంభించారు. ఆ వారసత్వాన్ని గుర్తుచేసుకుంటూ 2016లో 'కల్పబిశ్వ' అనే బంగ్లా ఆన్‌లైన్ పత్రిక వచ్చింది. తెలుగులో ఊహాకల్పనకే అంకితం కాకపోయినా, 1998 నుంచి ప్రవాసుల చొరవతో నడుస్తున్న 'ఈమాట' రచనలను పరిశీలకుల చేత చదివించి, మార్పులు సూచించి ప్రచురించే పద్ధతిని నిలబెట్టింది. ఆ పద్ధతిని మెచ్చుకున్నవారూ ఉన్నారు, విసుగు చెందినవారూ ఉన్నారు. కాని ఆన్‌లైన్‌లో తెలుగు రచనకు సంపాదకత్వం అవసరమన్న మాటను ఆచరణలో చూపిన పత్రికల్లో దాన్ని ముందుగా చెప్పుకోవాలి.

తెలుగులో ఊహాకల్పన కథలకు ఆన్‌లైన్ పత్రిక పెట్టదలచినవారు ముఖచిత్రం కోసం, సైటు రూపం కోసం వెచ్చించే శ్రమకంటే ముందు, వచ్చిన ప్రతి కథనూ చదివి నెల లోపల జవాబు ఇవ్వగల నలుగురిని కూర్చుకోవాలి. రచయితకు ఎంత తక్కువైనా పారితోషికం ఇంతని ముందే ప్రకటించాలి. అలాంటి పత్రికలను ఉచితంగా చదివే పాఠకులు ఏడాదికి ఒక్కసారైనా తోచినంత చందా పంపాలి.